క్రేనుతో సొంత కబురు

ఉచితం అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మీరు ఈ కాలం పిల్లలు. ఏ ఊరికైనా, ఏ కంపెనీ ఫోనుకైనా, నోరు నొప్పి పుట్టేదాకా మాట్లాడుకుంటారు. ఆ మాటకు ఖరీదు ఉండేదన్న సంగతే మీకు తట్టదు. మా రోజుల్లో ఒకే కంపెనీ సిమ్ము నుంచి అదే కంపెనీ సిమ్ముకి చేస్తేనే ఉచితం. పక్క కంపెనీకి చేశామా, మాట మాటకీ బ్యాలెన్స్ కరిగిపోయేది. అందుకని పెళ్ళి సంబంధం చూసినట్టు అవతలివాళ్ళది ఏ కంపెనీయో ఆరా తీసి మరీ సిమ్ము కొనేవాళ్ళం. ఆ ఉచితాన్ని నమ్ముకుని విశాఖ ఓడరేవులో మేము ఉక్కు ఎత్తాం. ఆ సంగతే చెబుతాను. మధ్యలో నా గొంతు పెరిగితే ఏమీ అనుకోకండి, అది నా స్వభావం.

నేను క్రేన్ ఆపరేటర్‌ని. ఓడల్లో సరుకు ఎక్కించే, దించే ఒక ప్రైవేటు కాంట్రాక్టు కంపెనీలో జీవితమంతా పనిచేశాను. నా క్యాబిన్ చాలా ఎత్తులో ఉండేది. అక్కణ్ణుంచి చూస్తే సముద్రం కనిపిస్తుంది, మల్కాపురం వైపు రిఫైనరీ గొట్టాలు కనిపిస్తాయి, కొండ మీద దీపస్తంభం కనిపిస్తుంది. ఓడ పొట్టలో, నేను దించే బరువు కింద నిలబడ్డ మనిషి మాత్రం కనిపించడు. అందుకే ఓడ మీద, సరుకు దించే పెద్ద నోరు అంచున, ఒక సిగ్నల్‌మ్యాన్ నిలబడతాడు. వాడు లోపలికి చూసి చెయ్యి ఊపుతాడు, నేను ఆ చేతిని చూసి లివర్ లాగుతాను. నాకు కళ్ళు వాడే.

చెయ్యి కనిపిస్తే కదా. ఓడ కట్టే మా బెర్తు పక్కనే బొగ్గు దించేవాళ్ళు. గాలి తిరిగిందంటే నల్లటి దుమ్ము తెరలా లేచి, ఎదురుగా ఉన్న మనిషి చెయ్యి ఊపుతున్నాడో తల గోక్కుంటున్నాడో తెలిసేది కాదు. ఈల ఊదితే వినపడదు, అరిస్తే అసలే వినపడదు. దీనికోసం వాకీటాకీలు ఉంటాయి. మా కంపెనీకీ ఉన్నాయి. ఆఫీసులో ఇనప బీరువాలో తాళం వేసి ఉన్నాయి. తనిఖీకి పైవాళ్ళు వచ్చిన రోజున, పండగనాడు దేవుడి నగలు తీసినట్టు, వాటిని బయటికి తీసి మా మెడల్లో వేసేవారు. తనిఖీ కారు గేటు దాటగానే తీసేసుకుని మళ్ళీ తాళం. వాటిలో ఛార్జింగ్ ఉండేది కాదని మా అందరికీ తెలుసు. అడిగితే, పాడు చేస్తారయ్యా మీరు, ఖరీదైనవి అనేవాడు మా సూపర్‌వైజర్.

ఆ సూపర్‌వైజర్‌కే ఒకరోజు గొప్ప ఆలోచన వచ్చింది. రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది, కళాసీల చేతుల్లోకి కూడా సెల్ ఫోన్లు వచ్చేశాయి. అందరూ ఫలానా కంపెనీ సిమ్ము తీసుకోండి, దాంట్లో దానికి ఉచితం, చెవిలో వైరు పెట్టుకుని పొద్దంతా మాట్లాడుకుంటూ పని చేసుకోవచ్చు అన్నాడు. తీసుకోనివాళ్ళకి డ్యూటీ పడేది కాదు. సిమ్ములమ్మే దుకాణం మల్కాపురంలో ఆయన బావమరిదిది. ఫోను మాది, సిమ్ము మాది, ఛార్జింగ్‌కి మా ఇంటి కరెంటు. పని మాత్రం కంపెనీది. అప్పట్లో అది అన్యాయమని మాకెవరికీ అనిపించలేదు సరికదా, ఎంత సులువో అని మురిసిపోయాం.

మురిసిపోవడానికి కారణం లేకపోలేదు. ఆ ఉచిత కాల్ నిజంగానే మా ప్రాణాలు కాపాడింది. నా సిగ్నల్‌మ్యాన్ సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం నుంచి వచ్చినవాడు. నాకంటే చిన్నవాడు. నన్ను బావా అనేవాడు, నేనూ వాణ్ణి బావా అనేవాణ్ణి. పొద్దున్న పనిలోకి దిగగానే వాడు నాకు ఫోన్ చేసేవాడు. ఇక దిగిపోయేదాకా లైను తెరిచే ఉండేది. మధ్యలో ఫోను కంపెనీ దానంతట అదే కాల్ తెంపేస్తుంది గనక, అది తెగేలోపు, కొక్కెం ఖాళీగా ఉన్న సమయం చూసి వాడే పెట్టేసి మళ్ళీ చేసేవాడు.

మా ఇద్దరికీ ఒక కట్టుబాటు ఉండేది. కంపెనీ నేర్పింది కాదు, వాడు పెట్టింది. బరువు గాల్లో ఉన్నంతసేపూ వాడు మాట ఆపకూడదు. వాడి మాట ఆగితే నా చెయ్యి ఆగాలి. ఎందుకు ఆగిందని నేను ఆలోచించకూడదు, ముందు ఆపాలి. దింపు, దింపు, దింపు అని ఎంతసేపని అంటాడు? అందుకని మధ్యలో ఇంటి సంగతులు కలిపేవాడు. దింపు, దింపు, రాత్రి మా ఆవిడ నెత్తళ్ళ ఇగురెట్టింది బావా, దింపు, ఉప్పెక్కువైపోనాది, సిన్నగా, సిన్నగా, అయినా తినీసినాను, ఆపు. ఇలా సాగేది. వాళ్ళింట్లో ఏ పూట ఏ చేప వండారో చెప్పమంటే ఇప్పటికీ చెప్పగలను. నవ్వుకునేవాణ్ణి గానీ, ఆ సోది నా చేతికి తాడులాంటిది. ఆ తాడు పట్టుకునే ఎన్నో ఓడలు నింపాను.

ఈ ఏర్పాటులో నష్టపోయింది ఒక్క మనిషే, వాడి భార్య. ఆవిడ ఫిషింగ్ హార్బర్‌లో చేపలు వేలం పాడి బజారుకు వేసేది. మొగుడితో మాట్లాడదామని ఆవిడా అదే కంపెనీ సిమ్ము కొనుక్కుంది. ఎప్పుడు చేసినా ఎంగేజ్. పొద్దున ఎంగేజ్, మధ్యాహ్నం ఎంగేజ్, డ్యూటీ దిగేసరికి ఫోన్లో ఛార్జింగ్ నిల్లు. ఒకసారి నేను చేపలకు వెళితే నన్ను నిలబెట్టి అడిగింది.

"అన్నయ్యా, ఆయనకి పెళ్ళాం నానా, నీ క్రేనా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాట తర్వాత ఎంత దూరం వస్తుందో అప్పుడు తెలియదు.

ఆ రోజు మేము ఉక్కు బిల్లెట్లు ఎక్కిస్తున్నాం. బిల్లెట్ అంటే పొడవాటి ఉక్కు దుంగ. అలాంటివి కట్టగా కట్టి, గొలుసుతో ఎత్తి, ఓడ పొట్టలో వరసగా పేర్చాలి. అడుగున కళాసీలు ఆ కట్టను చేతుల్తో నెట్టి సరైన చోటికి మళ్ళిస్తారు. వాళ్ళలో పెద్దవాడు మల్కాపురం మనిషి. చాలా నెమ్మదస్తుడు. గాలి బొగ్గు వైపు నుంచి కొడుతోంది, ఓడ నాకు సగమే కనిపిస్తోంది. చెవిలో మా బావ సోది మామూలుగానే నడుస్తోంది. దింపు, దింపు, సిన్నగా, సిన్నగా, అంతే.

అంతే. మాట ఆగిపోయింది.

నా చెయ్యి ఆగింది. కట్టుబాటు ప్రకారం ఆగింది. ఆగి తీరాలి. కింద మనుషులున్నారు, కళ్ళు లేకుండా దించుకుంటూ పోతే వాళ్ళ నెత్తి మీదకే పోతుంది. కానీ అంత బరువు ఉన్నపళంగా ఆగితే ఊరుకోదు, ఊగుతుంది. ఆ ఊపులో కట్ట పోయి, దాన్ని మళ్ళిస్తున్న మల్కాపురం పెద్దాయన కాలిని అప్పటికే పేర్చిన దొంతరకేసి నొక్కేసింది.

నాకివేమీ తెలియదు. నా చెవిలో నిశ్శబ్దం, నా ముందు దుమ్ము. హలో, హలో అంటున్నాను. తిరిగి నేను చేస్తే ఎంగేజ్. తర్వాత తెలిసింది, వాడు వెంటనే మళ్ళీ నాకు చేశాడు. వాడి చెవిలో ఫోను కంపెనీ అమ్మాయి తీయటి గొంతుతో, మీ ఖాతాలో తగినంత బ్యాలెన్స్ లేదు, దయచేసి రీఛార్జ్ చేయించుకోండి అని చెప్పింది. కింద ఒక మనిషి కాలు ఇరుక్కుని కేకలు వేస్తుంటే ఆ అమ్మాయి అదే మాట మూడు భాషల్లోనూ చెప్పిందట.

ఆ కాలు బయటికి రావాలంటే కట్టను కొంచెం పైకి ఎత్తాలి. కొంచెం అంటే కొంచెమే. ఎక్కువ ఎత్తితే మళ్ళీ ఊగుతుంది, ఈసారి ప్రాణమే పోతుంది. ఆ కొంచెం ఎంతో నాకు చెప్పే గొంతు లేదు. అప్పుడు వాడు చేసిన పని ఇది. ఫోను పారేసి, ఓడ అంచున ఒకణ్ణి, మెట్ల దగ్గర ఒకణ్ణి, జెట్టీ మీద నా క్రేను కాళ్ళ దగ్గర ఒకణ్ణి నిలబెట్టాడు. తను లోపలికి చూసి అరిస్తే ఆ అరుపు ఒకరి నుంచి ఒకరికి అందుకుంటూ నా కిందికి వచ్చింది. కింద నిలబడ్డవాడు తువ్వాలు పైకెత్తితే ఎత్తాను, దించితే ఆపాను. కాలు బయటికొచ్చింది. నా చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. మనిషి బతికాడు గానీ ఆ కాలు మళ్ళీ మునుపటిలా కాలేదు.

బ్యాలెన్స్ ఎలా అయిపోయింది? ఉచితం కదా? ఆ ఉచితం ఆ రోజు పొద్దున్నతో అయిపోయింది. ఆ సంగతి చెబుతూ ఫోను కంపెనీ వాళ్ళు మెసేజ్ పంపారు. క్రికెట్ స్కోర్ల మెసేజ్‌లు, జాతకాల మెసేజ్‌ల మధ్యలో, ఇంగ్లీషులో. మా బావకు ఇంగ్లీషు రాదు. నాకు కాస్తో కూస్తో వచ్చు, కానీ నాది వేరే రోజు తీసుకున్న స్కీము, నాకు రాలేదు. పొద్దున్నుంచీ వాడు నెత్తళ్ళ గురించీ కవ్వళ్ళ గురించీ చెప్పిన ప్రతి మాటకూ వాడి సొంత బ్యాలెన్స్ కరుగుతూ పోయింది. ఇస్తున్నామన్న రోజున ఊరంతా తెలుగులో బ్యానర్లు కట్టారు. తీసేసిన రోజున ఒక్క తెలుగు ముక్క రాయడానికి వాళ్ళకు చేతులు రాలేదు.

ఇక విచారణ. ఇన్నేళ్ళయినా ఆ గది తలుచుకుంటే నాకు పళ్ళు బిగుసుకుంటాయి.

మమ్మల్ని పిలిచిన రోజు మా బావ తనకున్న ఒకే ఒక తెల్ల చొక్కా వేసుకొచ్చాడు, భార్య ఉతికి ఇస్త్రీ చేయించి పంపింది. ఆఫీసు వరండాలో చాలాసేపు నిలబెట్టారు. కాళ్ళు పీకుతుంటే వాడు గోడకు ఆనుకున్నాడు. లోపల విచారణాధికారి, మా కంపెనీ మేనేజరు, సూపర్‌వైజర్ కూర్చున్నారు. కాలు నలిగిన పెద్దాయన్ని పిలవలేదు. ఆసుపత్రికి వెళ్ళి అడగనూ లేదు.

అధికారి మర్యాదస్తుడే. పని వేళలో ఫోన్లో ఎవరితో మాట్లాడుతున్నావని వాణ్ణి అడిగాడు.

"క్రేను తోటండి" అన్నాడు వాడు.

ఆయనకు అర్థం కాలేదు. వాడు నన్ను చూపించి చెప్పాడు. "ఈయన పైన ఉంటాడు కదండి, మా బావ. నాను సెప్తంటే దింపుతాడు. నాను మాట మానేత్తే ఆపేత్తాడు. అదేనండి మా పని."

అప్పుడు సూపర్‌వైజర్ అందుకున్నాడు. పని చోట సెల్ ఫోన్ నిషేధం అన్నాడు. మొదట్నుంచీ నిషేధమే అన్నాడు. వాకీటాకీలు ఇచ్చాం, వీళ్ళే వాడరు అన్నాడు. బయట వరండా గోడ మీద ఇంత పెద్ద అక్షరాలతో రాసి ఉంది, ఏళ్ళ తరబడి ఉంది, చదువుకోకపోతే మేమేం చెయ్యగలం అన్నాడు. ఆ మాటలు అంటున్నప్పుడు ఆయన మొహం గుడి పూజారి మొహంలా ప్రశాంతంగా ఉంది. సిమ్ములు కొనిపించింది ఈయనే అని నేను అరిచాను. నా ఫోను బల్ల మీద పెట్టి, చూడండి, పొద్దున్నుంచీ వీడి నంబరే, ఇంకో నంబరు లేదు అన్నాను. సొంత ఫోన్లు రికార్డు కిందకి రావన్నారు.

కోపంగా మా బావ వైపు తిరిగాను. అప్పుడు కనిపించింది. వాడి తెల్ల చొక్కా వీపు మీద ఎర్ర రంగు. గోడ మీది అక్షరాలు అద్దినట్టు పడ్డాయి, తిరగబడి. వాణ్ణి భుజాలు పట్టుకుని అధికారి వైపు వీపు తిప్పి నిలబెట్టాను.

"ఏళ్ళ తరబడి ఉన్న రాత అండి" అన్నాను. "ఇంకా ఆరలేదు."

అధికారికి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. మేనేజరు గొంతు సవరించుకుని, పాత అక్షరాలకు అప్పుడప్పుడు కొత్త రంగు వేయిస్తాం, అది మామూలే అన్నాడు. అధికారి తల ఊపాడు. అంతే, అయిపోయింది. నిజం వాడి వీపు మీద ఎర్రగా కనిపిస్తోంది, అందరూ చూశారు, చూసి పక్కన పెట్టేశారు. నాకు అబద్ధం మీద కన్నా ఆ తల ఊపడం మీద ఎక్కువ కోపం. ఇప్పటికీ.

తర్వాత ఒక కాగితం టైపు చేసి తెచ్చారు. సిగ్నల్‌మ్యాన్ పని వేళలో సెల్ ఫోన్లో సొంత సంభాషణలో మునిగి ఉన్నందువల్ల ప్రమాదం జరిగింది అని ఉంది. సంతకం పెడితే కొద్ది రోజులు ఆపి గేట్ పాస్ తిరిగిచ్చేస్తాం అన్నారు. పెట్టకపోతే పాస్ రద్దు. పాస్ లేనివాడికి ఓడరేవు గేటు తెరుచుకోదు, ఏ కాంట్రాక్టరూ పని ఇవ్వడు. వాడికి అది తప్ప ఇంకో ఆధారం లేదు. తండ్రి పడవ ఎప్పుడో అమ్మేశారు.

పెట్టెయ్ బావా, అని నేనే చెవిలో చెప్పాను. వాడు కాగితం చదివించుకుని విన్నాడు.

"క్రేను తోటి మాటాడినాడని రాయండి, పెట్టేత్తాను" అన్నాడు. "తప్పు సేసినాడని రాసినా పెడతాను. సొంత కబురని మాత్రం పెట్టనండి. మా ఆవిడ నాకు పోను సేత్తే ఏనాడూ కలవనేదు. నానేటి సొంత కబురాడినాను?"

పాస్ రద్దు చేశారు. నేను ఆ మర్నాడు క్రేను ఎక్కి కూర్చున్నాను గానీ లివర్ ముట్టలేదు. మెడలో వాకీటాకీ, అందులో ఛార్జింగ్, ఓడ మీద మా బావ, ఇవి మూడూ ఉంటేనే కొక్కెం కదులుతుందన్నాను. పక్క క్రేనువాళ్ళూ ఆగారు. ఓడ ఖాళీగా నిలబడితే కంపెనీకి ఎక్కడ నొప్పి పుడుతుందో మాకు తెలుసు. మధ్యాహ్నానికల్లా బీరువా తెరుచుకుంది. ఎన్నేళ్ళుగానో తాళం వెనక ఉన్నవి ఒక్క పూట ఛార్జింగ్ పెడితే పలికాయి. ఆ ఒక్క పూట కరెంటు ముందే పెట్టి ఉంటే ఒక మనిషి కాలు దక్కేది. మూడో కోరిక మాత్రం తీరలేదు. సెట్లు వచ్చాక మిగతా వాళ్ళు పనిలోకి దిగారు, వాళ్ళను నేను తప్పు పట్టను. నేను ఇంకా కొన్నాళ్ళు బిగదీసుకుని కూర్చుంటే, వాడే మా ఇంటికొచ్చి, ఎల్లు బావా, నీ పాస్ కూడా లాగేత్తారు, మనిద్దరం గేటు బయట కూకుంటే పోనెవరికి సేసుకుంటాం అన్నాడు.

వాడు ఫిషింగ్ హార్బర్‌లో చేరిపోయాడు. తెల్లారకముందే భార్యతో కలిసి వేలానికి వెళ్ళడం, ఐసు కొట్టడం, బుట్టలు మొయ్యడం. నాకు కొత్త సిగ్నల్‌మ్యాన్ వచ్చాడు. వాకీటాకీలో ఎత్తు, దింపు, ఆపు అని మూడే మాటలు. నేను వాడికి కట్టుబాటు నేర్పాను. బరువు గాల్లో ఉండగా నోరు మూశావంటే నేను ఆపేస్తాను, ఏదో ఒకటి మాట్లాడు, ఇంట్లో కూర సంగతి చెప్పు అన్నాను. వాడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

కొన్నేళ్ళకు నేను రిటైరయ్యాను. శాలువా కప్పారు, దండ వేశారు. అప్పటికి మేనేజరైపోయిన మా సూపర్‌వైజర్ నా క్రమశిక్షణ గురించి నాలుగు ముక్కలు మాట్లాడి, చప్పట్ల మధ్య ఒక పెట్టె చేతిలో పెట్టాడు. విప్పి చూస్తే సెల్ ఫోన్. ఎర్ర అక్షరాలు రాసిన గోడకు ఆనుకుని, సెల్ ఫోన్ చేతిలో పెట్టుకుని నేను ఫోటో దిగాను. ఆ ఫోటో ఇప్పటికీ ఆ ఆఫీసులో ఉందని విన్నాను.

మీ ఆఫీసు మీ సొంత ఫోన్లోనే పని చెబుతుందని, మీ సొంత బండి మీదే సరుకు పంపుతుందని వింటుంటాను. సులువుగా ఉందని మురిసిపోతున్నారేమో. ఏదైనా తేడా వచ్చిన రోజున ఆ ఫోను మీది, ఆ బండి మీది, ఆ తప్పూ మీదే అవుతుంది. గోడ మీద రంగు ఆరకముందే అవుతుంది. అంతకన్నా చెప్పగలిగింది నా దగ్గర లేదు.

ఆ పెట్టెను ఇంటికి తీసుకెళ్ళడానికి నాకు మనసొప్పలేదు. తిన్నగా ఫిషింగ్ హార్బర్‌కి పోయాను. ఇద్దరూ అమ్మకం ముగించుకుని బుట్టలు కడుక్కుంటున్నారు. ఫోను వాడి భార్య చేతిలో పెట్టాను, కంపెనీ బహుమతి అని చెప్పాను. ఆవిడ చెయ్యి తుడుచుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పి, తన పాత ఫోనులోని సిమ్ము తీసి అందులో వేసి, మొగుడు పక్కనే ఉన్నాడని కూడా చూడకుండా వాడి నంబరు నొక్కింది. వాడి జేబులో ఫోను మోగింది. ఎంగేజ్ రాలేదు. వాడు ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని, ఆవిడ వైపు వీపు తిప్పుకుని, ఏటే, ఇయ్యాల కూరేటి అని అడిగాడు. ఆవిడ పగలబడి నవ్వుతూనే ఉంది.

వాడు ఫోను చెవి దగ్గరే ఉంచుకుని నా వైపు చూశాడు. వాడు నవ్వడం లేదు.

"ఇది సొంత కబురు బావా" అన్నాడు. "ఇప్పుడు అట్టుకు రమ్మను ఆ కాయితం, సంతకం పెట్టేత్తాను."